నల్లకోట ఊరి రొట్టె తీపి

తురుష్క దేశమున, అనటోలియా పడమటి భాగములో, నిట్టనిలువు రాతిగుట్టపై కోట గల పట్టణ మొకటి కలదు. పేరు అఫ్యోన్‌కరాహిసార్. ‘అఫ్యోన్’ అనగా నల్లమందు. ‘కరాహిసార్’ అనగా నల్లకోట. ఇట్టి పేరు గల ఊరు ఒక తీపి వంటకమునకు ప్రసిద్ధి కెక్కినదన్న శ్రోతలకు వింతగా తోచవచ్చును.

ఆ వంటకము ఎక్మెక్ కదాయిఫ్. ‘ఎక్మెక్’ అనగా రొట్టె. ‘కదాయిఫ్’ అరబ్బీ నుండి వచ్చిన మాట. 10వ శతాబ్దపు బాగ్దాదు పాకశాస్త్ర గ్రంథములోనే ఆ పేరు గల తీపి అట్లు కనబడుచున్నవి. పేరు నిలిచినను వస్తువు మారినది. అఫ్యోన్‌లో ఇది బిస్కత్తువలె ఎండబెట్టిన గుండ్రని రొట్టె. దానిని వేడినీటిలో నానవేసి, నీరు వార్చి, చక్కెర పాకములో సన్నసెగపై ఉడికింతురు. మన హైదరాబాదు డబుల్ కా మీఠాలో రొట్టె నేతిలో వేగి పాకమునకు వచ్చును; ఇచ్చట వేపుట లేదు. రొట్టె పాకమును త్రాగి ఉబ్బును. అంతవరకు మన మెరిగిన రుచియే. అసలు కథ పైన పెట్టు మీగడ యొద్ద మొదలగును.

దానిని ‘కైమాక్’ అందురు. గేదెపాలను వెడల్పు పళ్ళెములలో సన్నసెగను కాచి, కదల్పక చల్లార్చినచో పైన దళసరిగా కట్టును; చాపవలె చుట్టవచ్చును, కత్తితో కోయవచ్చును. గేదెమీగడ మర్మము మన గృహిణులకు చెప్పవలసినది కాదు. అయితే అఫ్యోన్ గేదె తినునది గసగసాల చెక్క. గానుగలో నూనె తీయగా మిగిలినది. మీగడ చిక్కదనమునకు అదియే కారణమని అచ్చటివారు చెప్పుదురు. మత్తు కాయపాలలో నుండును గాని గింజలో కాదు, శంక వలదు.

1971లో ఈ గొలుసు తెగినంత పనియైనది. తమ నగరములకు చేరు హెరాయిన్‌కు తురుష్క నల్లమందే మూలమని అమెరికా ఒత్తిడి తేగా, అంకారా ప్రభుత్వము గసగసాల సాగును నిషేధించినది. 1972 కోతల తరువాత విత్తుట ఆగినది. రైతునకు పోయినది నల్లమందు పైకము మాత్రమే కాదు. గింజ లేనిచో ఇంటికి వంటనూనె లేదు, పశువునకు చెక్క లేదు. నిషేధము వ్రాసినవారికి హెరాయిన్ కనబడినది గాని గేదె కనబడలేదని మాకు తోచును.

1974 జూలైలో నిషేధము తొలగినది. అయితే పచ్చికాయకు గాటుపెట్టి పాలు తీయుట ఇక లేదు. కాయను చేనిలోనే ఎండనిచ్చి, డొల్లను ప్రభుత్వమునకు అప్పగింపవలెను. డొల్లలనుండి ఔషధద్రవ్యములు తీయు కర్మాగారము ఆ జిల్లాలోని బొల్వదిన్‌లో 1981లో పని ఆరంభించినది. గింజ మాత్రము రైతు ఇంటికి వచ్చినది. గానుగ మరల తిరిగినది. చెక్క గేదెల కొట్టమునకు చేరినది.