ఇగో హత్సుయోరోన్ 120వ సమస్య
ఇగో హత్సుయోరోన్ 120వ సమస్య గో ఆటలో అత్యంత కఠినమైనదిగా పేరుపొందిన సమస్య. నలుపు ముందు ఆడి గెలవాలి. ఇది జపాన్‌కు చెందిన ఇనోవే డోసెత్సు ఇన్సెకి 1713లో కూర్చిన 183 సమస్యల సంపుటిలోనిది. చిక్కుబడిన రెండు రాళ్ల గుంపులలో ఏది ముందు ఎదుటిదాన్ని పట్టుకుంటుందన్న పోటీని సెమెయాయ్ అంటారు. సాధారణంగా ఆయా గుంపులను ఆనుకున్న ఖాళీ బిందువుల లెక్కతో ఇది తేలుతుంది. కో, అంటే ఇద్దరూ ఒక్కో రాయిని మార్చిమార్చి పట్టగల స్థితి, వస్తే ఆ లెక్క చాలదు: పోయిన రాయికి బదులుగా వెంటనే తిరిగి పట్టడం నిషిద్ధం కనుక, రాయి పోయిన ఆటగాడు ముందు మరోచోట బెదిరింపు ఎత్తు వేయాలి. ఈ సమస్యలో సెమెయాయ్, కోలకు హనెజెకి తోడవుతుంది. ఆ అరుదైన బిగింపులో ఎవరు ముందు కదిలినా నష్టమే. అందువల్ల ఫలితం పలకపై మిగిలిన చోట్ల తేలుతుంది. ఈ సమస్యపై ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చిన కాటాగో ప్రోగ్రామ్ విశ్లేషణను దాని రూపకర్త డేవిడ్ వు 2019లో వెలువరించారు.