స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు, దిగుమతి సుంకం: ఆయిల్ పామ్ రైతులు తెలుసుకోవలసిన విషయాలు

ఆయిల్ పామ్ సాగు చేస్తున్న రైతులకు గెలల ధర నెలనెలా మారుతుందని తెలుసు. ఆ ధర ముడి పామాయిల్ ధరను బట్టి ఉంటుంది. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పామాయిల్ ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. అందుకే ఓడరేవులో వేసే సుంకం మీ తోట ఆదాయాన్ని నేరుగా తాకుతుంది. ఆ సుంకాన్ని నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉండాలన్నదే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలపై జరుగుతున్న రాజకీయ చర్చకు మూలం.

సుంకం తేడా మీకు ఎంత?

ఒక ఉదాహరణ చూద్దాం. ఓడరేవుకు చేరిన ముడి పామాయిల్ టన్ను ధర రూ.90,000 అనుకుందాం.

• సుంకం 27.5 శాతం ఉంటే టన్ను ధర రూ.1,14,750 అవుతుంది.
• సుంకం 16.5 శాతం ఉంటే రూ.1,04,850 అవుతుంది.
• తేడా రూ.9,900. గెలల ధరను ముడి నూనె ధరలో 14.3 శాతంగా లెక్కిస్తే, టన్ను గెలలకు సుమారు రూ.1,416 తగ్గుతుంది.
• ఎకరాకు 8 టన్నుల దిగుబడి వచ్చే తోటలో ఏడాదికి సుమారు రూ.11,300 తేడా వస్తుంది.

విదేశీ ఎగుమతిదారులు తమ ధరను సర్దుకుంటే ఈ తేడా కొంత తగ్గవచ్చు, పెరగవచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఒప్పందం చేసే పని

ప్రపంచ వాణిజ్య సంస్థలో పామాయిల్‌పై 300 శాతం వరకు సుంకం వేసుకునే హక్కును భారత్ ఉంచుకుంది. ఆసియాన్ కూటమిలోని 10 దేశాలతో 2009 ఆగస్టులో సంతకం చేసిన ఒప్పందంలో మాత్రం 2019 చివరికి ముడి పామాయిల్‌పై 37.5 శాతం, శుద్ధి చేసిన నూనెపై 45 శాతం మించకూడదని అంగీకరించింది. ఆ ప్రకారమే 2020 జనవరి 1న ముడి నూనెపై సుంకం 40 నుంచి 37.5 శాతానికి, శుద్ధి చేసిన నూనెపై 50 నుంచి 45 శాతానికి తగ్గింది.

ఇక్కడ రెండు అంకెలను వేరుగా చూడాలి. ఒకటి ఒప్పందం పెట్టిన గరిష్ఠ పరిమితి. రెండోది ప్రభుత్వం నిజంగా వసూలు చేస్తున్న సుంకం. వినియోగదారులకు నూనె ధర భారమైనప్పుడు 2021 అక్టోబరులో కేంద్రం ముడి పామాయిల్‌పై మూల సుంకాన్ని పూర్తిగా ఎత్తివేసింది. 2024 సెప్టెంబరులో మూల సుంకం 20 శాతం చేయడంతో, సెస్సులతో కలిపి మొత్తం 27.5 శాతం అయింది. 2025 మే నెలాఖరులో మూల సుంకాన్ని 10 శాతానికి తగ్గించడంతో మొత్తం 16.5 శాతానికి దిగింది. ఈ మూడు నిర్ణయాలూ ఢిల్లీలో తీసుకున్నవే. ఒప్పందం వీటిలో దేన్నీ కోరలేదు. కాబట్టి ధర తగ్గిన ప్రతిసారీ ఒప్పందాన్నే తప్పుపట్టడం సరికాదు. ప్రపంచ ధర బాగా పడిపోయి, 37.5 శాతం కూడా చాలని రోజు వస్తే మాత్రం ఒప్పందం చేతులు కట్టేస్తుంది.

చర్చలో రెండు పక్షాలు

ఒప్పందాలు కావాలనేవారు ఎగుమతులకు మార్కెట్లు దొరుకుతాయని, వినియోగదారులకు సరుకు చౌకగా వస్తుందని అంటారు. వద్దనేవారు రైతును కాపాడే నిర్ణయం దేశం చేతిలోనే ఉండాలంటారు. 2009లో ఆసియాన్ ఒప్పందాన్ని కేరళ ప్రభుత్వం ఈ కారణంతోనే వ్యతిరేకించింది. చైనా, న్యూజిలాండ్ సహా 16 దేశాలు చర్చించిన ఆర్‌సెప్ ఒప్పందంలో చేరబోమని 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో భారత్ ప్రకటించింది. న్యూజిలాండ్ పాల పొడి వస్తే తమ గతేమిటన్న పాడి రైతుల ఆందోళన అప్పుడు గట్టిగా వినిపించింది. మిగిలిన 15 దేశాలు 2020 నవంబరు 15న సంతకాలు చేశాయి.

రాజ్యాంగం ప్రకారం వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది. విదేశీ ఒప్పందాలు మాత్రం కేంద్రం పరిధిలోవి. వాటికి పార్లమెంటు ముందస్తు ఆమోదం తప్పనిసరి కాదు. రైతు మాట ఒప్పందం కుదరకముందే చేరాలని అడగడానికి కారణం ఇదే.

ఎదుటి దేశం కూడా తన అవసరమే చూసుకుంటుంది. 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను సుమారు మూడు వారాలు నిలిపివేసింది. అప్పుడు మన గెలల ధర బాగా పెరిగింది, తర్వాత కొన్ని నెలల్లోనే దిగింది. ఆ ఒక్క సీజను ధర చూసి సాగు లెక్క వేసుకోవడం ప్రమాదం.

రైతులు పాటించవలసినవి

1. సుంకం మారిందన్న వార్త వస్తే ముడి నూనెకా, శుద్ధి చేసిన నూనెకా అని చూడండి. ఈ రెండు సుంకాల మధ్య తేడా మరీ తగ్గితే శుద్ధి చేసిన నూనే నేరుగా దిగుమతై, ఇక్కడి శుద్ధి కర్మాగారాలకు పని తగ్గుతుంది.

2. కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రారంభించిన వంటనూనెల మిషన్‌లో ఆయిల్ పామ్‌కు వయబిలిటీ ధర ఉంది. గత ఐదేళ్ల ముడి నూనె సగటు ధరను టోకు ధరల సూచీతో సవరించి, అందులో 14.3 శాతంగా దీన్ని లెక్కిస్తారు. కంపెనీ చెల్లించే ధర దీనికన్నా తగ్గితే తేడాను ప్రభుత్వం ఇవ్వాలి. మీ రాష్ట్రంలో అమలు తీరును ఉద్యాన శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి.

3. తూకం రసీదులు, చెల్లింపు వివరాలు నెలవారీగా దాచుకోండి. తేడా సొమ్ము అడగడానికి ఇవే ఆధారం.

4. పండిన గెలలనే కోసి 24 గంటల్లోపు మిల్లుకు చేర్చండి. నూనె శాతం మీద మీకు అదుపు ఉన్న చోటు ఇదే.

5. లేత తోటల్లో మొక్కజొన్న, కూరగాయలు, ఎదిగిన తోటల్లో కోకో వంటి అంతర పంటలు వేయండి.

6. ఒక ఏడాది ధర పడిపోయిందని చెట్లు నరికివేయకండి. తోట 25 ఏళ్లకు పైగా నిలుస్తుంది. కొత్తగా వేసేవారు మాత్రం ఐదేళ్ల సగటు ధరతో లెక్క వేసుకున్నాకే నిర్ణయించుకోండి.

7. ఎంపీకి, రాష్ట్ర వ్యవసాయ మంత్రికి రైతు సంఘం ద్వారా వినతి ఇచ్చేటప్పుడు "ఒప్పందం వద్దు" అని మాత్రమే రాయకండి. పామాయిల్ గరిష్ఠ పరిమితిని ఇంకా తగ్గించవద్దని, ప్రపంచ ధర పడినప్పుడు సుంకం పెంచాలని, వయబిలిటీ ధర తేడాను సకాలంలో చెల్లించాలని అంకెలతో అడగండి. అప్పుడు "పరిశీలిస్తాం" అని దాటవేయడం వారికి అంత తేలిక కాదు.