ఫ్లోరోసిస్ చరిత్రలో రోగి స్థానం

హైదరాబాదు నగరానికి తూర్పు వాకిలి వంటివి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలు. ఎల్.బి.నగర్ వద్ద బాటలు చీలుతాయి. ఒకటి హయత్‌నగర్, చౌటుప్పల్ మీదుగా విజయవాడకు సాగుతుంది. మరొకటి ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా నాగార్జునసాగరం చేరుతుంది. ఈ రెండు బాటల నడుమనున్న నల్లగొండ మెట్ట పల్లెల నుండి వైద్యం కోసం నగరానికి వచ్చేవారు బస్సు దిగేది ఇక్కడే. వారిలో కొందరి నడుము వంగి ఉంటుంది. మోకాళ్లు ముడుచుకొని ఉంటాయి. వారిది ఫ్లోరోసిస్ వ్యాధి. దానిని గురించిన పరిశోధనల చరిత్ర గ్రంథాలయాలలో ఉన్నది; నీటి పథకాల చరిత్ర సర్కారు దస్త్రాలలో ఉన్నది. రోగి వైపు నుండి చూస్తే ఆ చరిత్ర ఎట్లా కనబడుతుందో పరిశీలించడం ఈ ప్రసంగంలోని ఉద్దేశం.

ముందుగా వ్యాధి స్వభావం తెలుసుకొనడం అవసరం. నల్లగొండ నేల అడుగున ఉన్నది నల్లసేనపు రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడు లవణాలు భూగర్భ జలంలో కరుగుతాయి. నీరు చూపునకు తేటగానే ఉంటుంది. రుచిలో తేడా తెలియదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగితే పిల్లల పండ్లకు పసుపు, గోధుమ వన్నె చారలు పడతాయి. తరువాత ఎముకలలో ఫ్లోరైడు పేరుకొంటుంది, కీళ్ల చుట్టూ ఉన్న బంధనాలు గట్టిపడతాయి, వెన్నెముక కొయ్యబారుతుంది. ఒకసారి వంగిన ఎముకను నిటారుగా చేయగల ఔషధం నేటికీ లేదు.

మన దేశంలో ఈ వ్యాధిని వైద్యులు స్పష్టంగా గుర్తించింది తెలుగు నేల మీదనే. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి తమ వ్యాసాలు ప్రకటించారు. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి సిద్దిఖీ వ్రాసిన వ్యాసం 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అదే డిసెంబరు 10వ తేదీన అదే జిల్లాలో పండిట్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. వ్యాధి కారణం నీరని ఒకవైపు తేలింది; మహానది వంటి కృష్ణకు మరొకవైపు అడ్డుకట్ట పడనున్నది. అయినా సాగర్ ఎడమ కాలువ పల్లపు భూములను తడిపింది గాని మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ మెట్టలకు ఎక్కలేదు. ఆ పల్లెలు బావి నీటినే, తరువాత మరింత లోతైన బోరు నీటినే నమ్ముకొన్నాయి.

పరిశోధన మాత్రం ఆగలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ఈ ప్రాంతాల వంటి చోట్ల పిల్లల మోకాళ్లు లోపలికి వంగడాన్ని వర్ణించి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. నాగపూరులోని పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ 1970ల నడుమ పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతిని రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు వచ్చింది. ఆ పేరు ఆఫ్రికాలోని టాంజానియా వరకు ప్రయాణించింది. కాని ప్రతి దినం పటికను సరిగా కొలవడానికి, దిగిన మడ్డిని దూరంగా పారబోయడానికి పల్లెలో మనిషి కావాలి, పైకం కావాలి. ఆ రెండూ లేనిచోట పద్ధతి పుస్తకంలోనే మిగిలింది.

రోగుల నిష్ఠూరం ఇక్కడ మొదలవుతుంది. రక్తం తీసుకొన్నారు, మూత్రం తీసుకొన్నారు, ఎక్సు-రే తీసినారు. ఫలితం ఆంగ్ల పత్రికలకు వెళ్లింది గాని తమ గడపకు తిరిగి రాలేదని వారి ఫిర్యాదు. పత్రికల వారి మీద, ఛాయాగ్రాహకుల మీద కూడా ఇటువంటి ఫిర్యాదే ఉన్నది. వంకర కాళ్ల బొమ్మ ఎన్నికల వేళ అచ్చవుతుంది. ఎన్నికలు ముగియగానే మరుగవుతుంది.

ఆ ఎన్నికలనే వారు ఒకసారి తమ గొంతుగా మార్చుకొన్నారు. 1996లో జలసాధన సమితి పిలుపు మేరకు నల్లగొండ లోక్‌సభ స్థానానికి పెద్దయెత్తున నామినేషన్లు పడ్డాయి. బరిలో మిగిలినవారు 480 మంది. బ్యాలెట్టు పత్రం పుస్తకమంత అయినది. దేశమంతటా పత్రికలు ఆ వింతను వర్ణించాయి. ఆ వింత వెనుకనున్న దాహాన్ని తెలిసికొన్న పాఠకులు తక్కువ. తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో ఆ యేడే వేయిమందికి పైగా పోటీ చేశారు. పిమ్మట లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచారు. నీరు రాకముందే చట్టం వచ్చింది! 2003లో ఉద్యమకారులు మర్రిగూడ మండలపు బాధితుని ఒకనిని ఢిల్లీకి తీసుకొనిపోయి ప్రధాని వాజపేయి గారి ముందు ఉంచవలసి వచ్చింది.

తుదకు నీరు వచ్చింది. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలాన్ని ఇంటింటికి చేర్చింది. తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇది చిన్న విజయం కాదు. ఇప్పుడు పుట్టిన బిడ్డ ఎముక వంగకుండా పెరగగలదంటే ఆనాటి పరిశోధకుల శ్రమకు, ఉద్యమకారుల పట్టుదలకు అందులో పాలు ఉన్నది.

అయితే ఆ ప్రకటన లెక్కపెట్టింది ఆవాసాలను, మనుషులను కాదు. ఊరి పేరు జాబితా నుండి తొలగిపోయినా, నలుబది ఏండ్లు ఆ నీరు త్రాగిన మనిషి ఆ ఊరిలోనే ఉన్నాడు. చౌటుప్పల్ వద్ద ఫ్లోరైడు పరిశోధనా కేంద్రం నెలకొల్పుతామని 2016లో వచ్చిన హామీ 2022 నాటి మునుగోడు ఉపఎన్నికలో కూడా హామీగానే వినబడింది. వ్యాధి ఆగింది గనుక పని ముగిసిందని శాస్త్రం భావించవచ్చు. రోగికి అట్లా భావించే వీలు లేదు. వ్యాధిని నివారించడం ఒక ధర్మం, వ్యాధిగ్రస్తుని ఆదుకొనడం మరొక ధర్మం. మొదటిది నెరవేరినందువలన రెండవది తీరిపోదు.

వారు కోరేది అసాధ్యమైన ఔషధం కాదు. నొప్పికి ఉపశమనం, కీళ్లు బిగుసుకొనిపోకుండా వ్యాయామ చికిత్స, తగినవారికి శస్త్రచికిత్స, నడిచేందుకు సాధనం, బ్రతుకుతెరువుకు పింఛను—ఇవి సొంత మండలంలో అందవలసినవి. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ నుండి మెట్రో రైలు నడవడం మొదలైనది. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా కోఠి, పంజగుట్ట పెద్దాసుపత్రుల వైపు అది కొద్ది నిమిషాలలో చేర్చగలదు. కాని మర్రిగూడ నుండి ఎల్.బి.నగర్ దాకా బస్సులో కూర్చొనడమే ఆ నడుముకు పరీక్ష. వైద్యం ఆ బాటలో ఎదురు వెళ్లినప్పుడే ఫ్లోరోసిస్ చరిత్రలో రోగికి స్థానం దొరుకుతుంది.