మానసిక జబ్బుల మందులు: ఏ రకం ఎలా పనిచేస్తుంది? దేన్ని గమనించాలి?

మానసిక వైద్యులు రాసేవన్నీ ‘నిద్ర మాత్రలే’ అనే మాట చాలా ఇళ్లల్లో వినిపిస్తుంది. మత్తు కోసమే ఇస్తున్నారనుకుని, కొంచెం నయం కాగానే మందు ఆపేస్తారు. కొన్ని వారాలకో నెలలకో జబ్బు తిరగబెడుతుంది. నిజానికి ఈ మందులు ముఖ్యంగా నాలుగు రకాలు. పనిచేసే తీరు, పట్టే సమయం, దుష్ప్రభావాలు దేనికవే వేరు. నర్సింగ్ చదివే పిల్లలకు ఇది పరీక్ష పాఠం. రోగి ఉన్న ఇంటికి రోజూ పనికొచ్చే సంగతి.

మెదడులో జరిగేది

మెదడులోని నాడీకణాల మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. ఒక కణం వదిలిన రసాయనాన్ని అవతలి కణం మీదుండే రిసెప్టర్లు అందుకుంటాయి. మిగిలినదాన్ని చాలావరకు మొదటి కణమే వెనక్కి పీల్చుకుంటుంది. డోపమైన్, సెరటోనిన్, గాబా అలాంటి రసాయనాలు. మందులు ఈ దారిలోనే ఎక్కడో ఒకచోట పనిచేస్తాయి.

1. యాంటీసైకోటిక్స్

లేని గొంతులు వినిపించడం, విపరీతమైన అనుమానాలు ఉండే స్కిజోఫ్రీనియా వంటి జబ్బులకు ఇస్తారు. 1952లో ప్యారిస్ వైద్యులు జాన్ డిలే, పియర్ డెనికర్ క్లోర్‌ప్రోమజైన్‌ను రోగులకు వాడి ఫలితం చూపించారు. హాలోపెరిడాల్ కూడా ఈ పాత తరందే. ఇవి డోపమైన్ రిసెప్టర్లను అడ్డుకుంటాయి. శరీర కదలికలకూ డోపమైన్ కావాలి కాబట్టి వణుకు, కండరాలు బిగుసుకుపోవడం, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం కనిపిస్తాయి. అవసరమైతే డాక్టర్ ట్రైహెక్సీఫెనిడిల్ కలుపుతారు.

రిస్పెరిడోన్, ఓలాంజపైన్ వంటి కొత్తవి సెరటోనిన్ మీద కూడా పనిచేస్తాయి. వీటితో బిగుసుకుపోవడం తక్కువ. కానీ బరువు, షుగర్ పెరగొచ్చు. ముఖ్యంగా ఓలాంజపైన్‌తో. క్లోజపైన్ వాడేవారిలో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా తగ్గే అవకాశం ఉంది. అందుకే మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేయిస్తారు. వాళ్లకు జ్వరం, గొంతునొప్పి వస్తే మామూలు జలుబని వదిలేయకూడదు. ఏ యాంటీసైకోటిక్ వాడుతున్నా తీవ్ర జ్వరం, ఒళ్లు కొయ్యబారడం, మతి తప్పడం కలిసి వస్తే తర్వాతి డోసు వేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

2. యాంటీడిప్రెసెంట్స్

ఫ్లూఆక్సిటిన్, సెర్ట్రలిన్, ఎసిటాలోప్రామ్ సెరటోనిన్‌ను కణం వెనక్కి పీల్చుకోకుండా ఆపుతాయి. డిప్రెషన్‌తో పాటు ఆందోళనకు, వజూ చేసిందే మళ్లీ మళ్లీ చేస్తూ ఆపుకోలేకపోవడం లాంటి ఓసీడీ లక్షణాలకూ ఇవే వాడతారు.

ఫలితం మొదలవడానికి 2 నుంచి 4 వారాలు, పూర్తిగా తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి మాత్రం మొదటి వారంలోనే రావచ్చు. ‘పడలేదు’ అని చాలామంది మానేసేది ఇక్కడే. మొదటి వారాల్లో, ముఖ్యంగా 25 ఏళ్ల లోపు వారిలో, ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతున్నాయేమో కనిపెట్టి ఉండాలి. నయమయ్యాక కూడా కనీసం 6 నెలలు కొనసాగించి, మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కరెంటు తగిలినట్టు జివ్వుమనడం ఉంటాయి. అది మందుకు బానిస కావడం కాదు. అమిట్రిప్టిలిన్ వంటి పాతవాటి మోతాదు మించితే గుండెకు ప్రాణాపాయం. బీరువాలో తాళం వేసి ఉంచడం మంచిది.

3. మూడ్ స్టెబిలైజర్స్

బైపోలార్ జబ్బులో మనసు విపరీతమైన ఉత్సాహానికి, అంతులేని దిగులుకు మధ్య ఊగుతుంది. దానికి లిథియం ఉపయోగాన్ని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించారు. ఇది కణం లోపలి సంకేతాల మీద పనిచేస్తుంది. రక్తంలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. 1.5 దాటితే విషమయ్యే ప్రమాదం ఉంది. చివరి డోసు వేసిన 12 గంటలకు రక్తం తీసి పరీక్షిస్తారు.

ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు అన్నీ దీనికి చేటే. చేతులు బాగా వణకడం, తూలడం, మాట తడబడటం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

వాల్‌ప్రోయేట్ మరో మందు. గర్భిణి వాడితే పుట్టే 100 మంది పిల్లల్లో సుమారు 10 మందికి అవయవ లోపాలు ఉండొచ్చు. అలాగని పెళ్లి కుదరగానే ఎవరికీ చెప్పకుండా అమ్మాయి చేత మందు మాన్పించడం ఇంకో ప్రమాదం. నిఖాకు ముందే డాక్టర్‌తో మాట్లాడితే మందు మార్చే వీలుంటుంది.

4. బెంజోడయాజిపైన్స్

‘నిద్ర మాత్రలు’ అనే పేరు సరిపోయేది వీటికే. లోరాజెపామ్, క్లోనాజెపామ్, అల్ప్రాజొలామ్ మెదడును నెమ్మదింపజేసే గాబా ప్రభావాన్ని పెంచుతాయి. గంటలోపే పనిచేస్తాయి. అలవాటయ్యేది కూడా ఇవే. అందుకే మామూలుగా 2 నుంచి 4 వారాలకు మించి రాయరు. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో మళ్లీ మళ్లీ కొనకూడదు.

రంజాన్‌లో

రోజుకు ఒకే డోసు ఉన్న మందును ఇఫ్తార్ తర్వాతకో సహరీకో మార్చడం చాలాసార్లు కుదురుతుంది. రెండు మూడు డోసులుంటే డాక్టరే సర్దుబాటు చేయాలి. లిథియం వాడేవారు కనీసం నెల ముందే అడగాలి, లెవెల్ పరీక్ష చేయించుకోవాలి. వద్దంటే రోజా వదలాలి. జబ్బుపడినవారికి ఆ వెసులుబాటు ఉంది.

వార్డులో నర్సు మాత్ర ఇచ్చి వెళ్లిపోదు, మింగారో లేదో నోరు తెరిపించి చూస్తుంది. ఇంట్లో ఆ బాధ్యత అమ్మీదో, భార్యదో, అన్నదో అవుతుంది. సందేహం వస్తే మందు ఆపే ముందు డాక్టర్‌ను అడగాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.