బెదరిన దేహము, చీలిన మనస్సు



భయము మనస్సునకు సంబంధించినదా, దేహమునకు సంబంధించినదా? మన భాష యీ ప్రశ్నకు ఏనాడో సమాధానము చెప్పినది. గుండె జారినదందుము, కాళ్లు చేతులు ఆడలేదందుము, నోట తడి ఆరినదందుము. భయమునకు మనము పెట్టుకొనిన పేర్లలో పెక్కు దేహమును గూర్చినవే. అట్లే, ఒక మనస్సు పొమ్మనుచున్నది, ఒక మనస్సు వద్దనుచున్నదని కూడ అందుము. ఒక్క మనుష్యునిలో ఇన్ని మనస్సులేల?

విరాటపర్వమున ఉత్తరకుమారుడు అంతఃపురస్త్రీల యెదుట కౌరవులను గెలుతునని పలికెను. సేనను కన్నులార చూచినంతనే వానికి మేను గగుర్పొడిచెను; రథము దుమికి పరుగెత్తెను. ఈ ఘట్టమును పాఠము చెప్పినప్పుడెల్ల పిల్లలు నవ్వెడివారు. నాకు మాత్రము ఇందులో నవ్వుకంటె పెద్ద విషయము కనబడును. ప్రగల్భములు పలికినవాడును, పరుగెత్తినవాడును ఒక్కడే. వీరిలో నిజమైన ఉత్తరుడెవడని బృహన్నల విచారింపలేదు. వెంబడించి పట్టుకొని, ధైర్యము చెప్పి, పగ్గములు చేతికిచ్చెను. వణకుచున్న చేతులకు చేయదగిన పని దొరకెను.

ఈ విషయమునే పాశ్చాత్య వైద్యులు నూరేండ్లకు పైగా శాస్త్రరీతిని పరిశీలించుచున్నారు. ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేసెదను.

ఫ్రాన్సు దేశమున పియేర్ జానే (1859–1947) అను తత్త్వశాస్త్రోపాధ్యాయుడు ఉండెను. ఆయన పిదప వైద్యవిద్యయు అభ్యసించెను. మనస్సునకు తెలియకయే జరుగు చేష్టలను గూర్చి 1889లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన వర్ణించిన యువతి యొకతె, క్షయవ్యాధితోనున్న తల్లికి నిద్రలేక అనేక రాత్రులు పరిచర్య చేసెను. 1900లో తల్లి మరణించెను. అటుపిమ్మట ఆమెకు ఆ మరణము జ్ఞాపకములేదు. చనిపోయినదని ఇతరులు చెప్పగా విని ఊరకుండెడిది. కాని శయ్యను ఒక ప్రక్కనుండి చూచినప్పుడు, లేని తల్లికి మందు పోయుచు, ఆ రాత్రి జరిగినదంతయు కొన్ని గంటలసేపు మరల అభినయించెడిది. ఒక భాగము మరచినది. ఒక భాగము మరువలేకున్నది. మరువలేని దానికి మాటలు లేవు, దేహచేష్టలే కలవు.

1914లో ప్రపంచయుద్ధము వచ్చెను. 1915లో చార్లెసు మయర్సు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, ఫిరంగిగుండ్ల తాకిడి తరువాత జ్ఞాపకమును, చూపును, వాసనను, రుచిని పోగొట్టుకొనిన మువ్వురు సైనికులను గూర్చి వ్రాసెను. ‘షెల్ షాక్’ అను పేరు లోకమున వ్యాపించెను. ఎడింబరో చెంతనున్న క్రెయిగ్‌లాకార్టు ఆస్పత్రిలో పనిచేసిన రివర్సు అను వైద్యుడు, జరిగిన ఘోరమును బలవంతముగా మరువుమనుట రోగమును పెంచునని 1917లో ఉపన్యసించెను. అయినను, పిరికితనము, సేననుండి పారిపోవుట మొదలగు నేరములకై ఆ యుద్ధమున బ్రిటిషు సామ్రాజ్యసేనలలో కాల్చి చంపబడిన 306 మందికి క్షమాపణ 2006లో గాని లభింపలేదు. వారిలో దోషులెందరో, రోగులెందరో యిపుడెవరు తేల్పగలరు? దేహము చెప్పుమాట పెద్దలకు అర్థము కానిచో ఎంత అనర్థము జరుగునో దీనివలన గ్రహింపవచ్చును.

మయర్సు 1940లో వ్రాసిన గ్రంథములో, ఇట్టి సైనికునియందు నిత్యకృత్యములు చేసుకొను వ్యక్తి యొకడు, భయములోనే నిలిచిపోయిన వ్యక్తి యొకడు మారిమారి కనబడుదురని చెప్పెను. 1980లో అమెరికా మనోవైద్యులు ఈ వ్యాధిని తమ అధికారిక పట్టికలో చేర్చిరి.

అటుపిమ్మట చికిత్స రెండు త్రోవలు తొక్కెను. పీటర్ లెవిన్ అనునాయన, ఆపద తప్పిన మృగములు వణకి, తేరుకొని, తమ దారిని పోవుటను ఆలోచించి, మనుష్యుని దేహములో ముగియక నిలిచిన చలనమును కొద్దికొద్దిగా ముగియనిచ్చు పద్ధతిని 1997లో గ్రంథరూపమున వెలువరించెను. రిచర్డు ష్వార్ట్జు అను కుటుంబచికిత్సకుడు 1980 తరువాతి దశకమున, రోగులు తమలోని వేర్వేరు ‘భాగములను’ గూర్చి చెప్పుట విని, లోపల కూడ ఒక కుటుంబమున్నదని తలచెను. గాయపడిన భాగము దాగియుండును; తక్కినవి కాపలా కాయును. కోపించునదియు, మద్యమువైపు లాగునదియు సైతము కాపాడవలెననియే అట్లు చేయునని ఆయన మతము.

ఈ రెండు త్రోవలు కలియుట సహజమే. పాట్ ఆగ్డెన్ 2006లోను, సూసన్ మెకానెల్ 2020లోను వ్రాసిన గ్రంథములు ఈ సంగమమును తెలుపును. వద్దను మనస్సు దేహమున ఎక్కడ తెలియుచున్నది, కంఠముననా, కడుపుననా యని చికిత్సకుడు అడుగును. పాదములు నేలపై మోపించి, శ్వాసను గమనింపజేసి, ఆ భాగము దేనికి వెరచుచున్నదో నెమ్మదిగా విననిచ్చును. తొందరించినచో కాపలావాడు తలుపు మరింత బిగించును. ఈ పద్ధతుల ఫలితములపై పరిశోధన ఇంకను స్వల్పమే. కావున రోగము తీవ్రమైనచో మనోవైద్యుని చూపుట తప్పనిసరి.

గ్రామపెద్దలకు నా మనవి యొక్కటే. ఉప్పెననో, అగ్నిప్రమాదమునో, ఇంటిలోని హింసనో చూచినవాడు చిన్న శబ్దమునకు ఉలికిపడినచో పిరికివాడని నవ్వకుడు. ఉదయము నవ్వి సాయంత్రము మండిపడినచో నటనయనకుడు. ప్రక్కన కూర్చుండుడు, చెప్పుమని బలవంతము చేయకుడు, చెప్పినపుడు వినుడు. చేతనైన పని యొకటి చేతికిండు. పారిపోవు ఉత్తరునికి పగ్గములిచ్చిన పిమ్మటనే ఆ రథము కదలినది.