పూతరేకుల కథ

భీమవరము వాస్తవ్యుడనగు నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో చరిత్రము చెప్పితిని. 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని మొదలయ్యెననియు, 1852లో ముగిసెననియు, కాటను దొర పూనికచే ఈ డెల్టా సస్యశ్యామలమయ్యెననియు పిల్లలచే వల్లె వేయించితిని. ఆ నీట పండిన బియ్యము మన వంటయిండ్లలో నే రూపమెత్తెనో మాత్ర మొకనాడును చెప్పనైతిని. ఆ లోపమును నేడు పూతరేకుల కథచే కొంత తీర్చుకొందును.

పొరమీద పొర పేర్చి చేయు వంటకములు లోకమున పెక్కు కలవు. ఇటలీవారి లసాన్యా యట్టిది. గోధుమపిండిని పలుచని పలకలుగా నొత్తి, నడుమ ఛీజును, మాంసపు కూరను పరచి, పొరలుగా పేర్చి కాల్తురు. 14వ శతాబ్దినాటి లాటిను పాకగ్రంథ మొకదానియందే దాని ప్రసక్తి కలదు. నేడందు తరచు వేయు టమాటో పం డప్పుడు లేదు. 1492లో కొలంబసు ప్రయాణము జరిగిన పిమ్మటనే యది అమెరికానుండి ఐరోపాకు వచ్చినది.

గోధుమపిండిని తడిపి మర్దించినచో జిగి పుట్టి సాగును. కావున కఱ్ఱతో నొత్త వచ్చును. బియ్యపుపిండికి ఆ సాగుడు లేదు; పలుచగా నొత్తబోయిన విరిగిపోవును. అందుచే వరిపండు సీమలోని స్త్రీలు కఱ్ఱను విడిచి కుండను పట్టిరి. నున్నని కుండను పొయ్యిమీద బోర్లించి, క్రింద ఎండిన కొబ్బరియాకుల మంట పెట్టుదురు. నానిన బియ్యమును మెత్తగా రుబ్బి, మజ్జిగవలె పలుచన చేసి, అందు గుడ్డను ముంచి, రెండు చేతుల పట్టి, కుండమీద నొక్క మారు లాగుదురు. రెప్పపాటులో పూత ఆరి రేకగును. పూత వలన పుట్టిన రేకు గనుక పూతరేకు. తడిగుడ్డతో దానిని మెత్తబరచి, నేయి రాచి, పంచదార పొడియో బెల్లపు పొడియో చల్లి, మఱియొక రేకు కప్పి మడతురు.

పాతదనిన ప్రతిదియు మార్పులేనిదని తలంపరాదు. రేకులకు మేలని నేడు వాడు జయ బియ్యము 1968లో విడుదలైన వంగడము. లసాన్యాకు టమాటో వచ్చినట్లే మన రేకునకు జయ వచ్చినది. దినుసు మారినది, చేతిపని నిలిచినది.

ఆ చేతులను నేనెఱుగుదును. మా మేనత్తను ఆత్రేయపుర మిచ్చిరి. చిన్ననాట నేనచటికి పోయినప్పుడెల్ల ఆమె పొగలో కన్నులు తుడుచుకొనుచు రేకులు తీయుచుండెడిది. వ్రేళ్ల కొనలు కంది, గట్టిపడి యుండెడివి. "అత్తా, చేతులు కాలవా?" యని యొకనా డడిగితిని. "చెయ్యి కాలకుండా రేకు ఎక్కడొస్తుందిరా, నాయనా!" యని నవ్వి, విఱిగిన రేకొకటి నా నోట పెట్టినది. నా కాలేజీ జీతము కట్టిన సొమ్ములో ఆ రేకుల సొమ్మును కలదని నాకు తెలిసినది ఆమె గతించిన పిమ్మట.

ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషింపదగినదే. ఆ గుర్తింపు ఊరి పేరును నిలుపును. కుండముందు కూర్చుండినవారి పేరులను నిలుపజాలదు. శాసనములు రాజులు చెక్కించుకొనిరి. మా అత్తవంటి వారికి చెక్కించువా రెవరు?

పెద్దలారా! మీ యూళ్లలో నిట్టి చేతిపని యెఱిగిన వృద్ధురాండ్రు ఇంకను కలరు. వారికడ కూర్చుండి, ఎవరివలన నేర్చిరో, ఏ బియ్యము వాడిరో అడిగి, మనుమల చేత నొక పుస్తకమున వ్రాయింపుడు. నేను అత్తను అడుగవలసిన కాలమున నడుగనైతిని. మీకింకను సమయము కలదు.