విప్పి కట్టిన ఇళ్ళు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. ఇల్లు విప్పి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. వాళ్ళ కాలంలో ఆ అవసరం రాలేదు కాబోలు. మా వేములవాడ చుట్టుపక్కల ఆ పని చేసి చూసినవాళ్ళు ఊళ్ళకు ఊళ్ళే ఉన్నారు. వాళ్ళ సంగతి రాయాలని నాకు తోచింది ఒక బొమ్మరిల్లు వల్లనంటే మీరు నవ్వుతారేమో!

ఆ బొమ్మరిల్లు మా ఆడపడుచు అమెరికా నుంచి మేనకోడలికని తెచ్చింది. డెన్మార్కు వాళ్ళ లెగో కంపెనీది. 2009లో వచ్చిన ‘అప్’ అనే కార్టూన్ సినిమాలోని ఇంటిని, డిస్నీ వారి నూరేళ్ళ పండుగకని 2023లో ఇలా బొమ్మగా చేశారు. మొత్తం 598 ముక్కలు. సంచులకు అంకెలు, అంకెల వరసలో బొమ్మల పుస్తకం. చదువు రాకపోయినా కట్టెయ్యొచ్చు.

సినిమా కథ చూడనివారి కోసం రెండు మాటలు. కార్ల్ అనే ముసలాయన బెలూన్లమ్మి బతికినవాడు. భార్య ఎల్లీ పోయింది. చుట్టూ ఇళ్ళన్నీ కూలగొట్టి పెద్ద పెద్ద కట్టడాలు లేపుతుంటే, ఆయన మాత్రం కదలనంటాడు. చివరికి వృద్ధాశ్రమానికి పొమ్మని కోర్టు చెబుతుంది. తీసుకెళ్ళేవాళ్ళు వచ్చిన పొద్దున వేల బెలూన్లు కట్టి, ఇంటిని పునాదుల్లోంచి పెరుక్కుని ఆకాశంలోకి వెళ్ళిపోతాడు. సియాటిల్‌లో ఎడిత్ మేస్‌ఫీల్డ్ అనే ముసలావిడ 2006లో ఇలాగే ఇల్లమ్మనని భీష్మించుకుంది. ఆవిడను చూసే సినిమా తీశారని చాలామంది అంటారు గాని, కథ అంతకు ముందే మొదలైంది.

ఇక బొమ్మ ఎలా ఉందంటారా? ముందువైపు రంగులు ముచ్చటగా ఉన్నాయి. వెనక తెరిచి ఉంటుంది, పిల్లలు చెయ్యి పెట్టి ఆడుకోవచ్చు. పైన బెలూన్ల గుత్తి మాత్రం బిర్రబిగుసుకుని కూర్చుంది, ఎగిరే లక్షణం ఏ కోశానా లేదు. అదీ పోనివ్వండి. పెట్టెలో ముసలాయన ఉన్నాడు, రస్సెల్ అనే పిల్లాడున్నాడు, కుక్క కూడా ఉంది. ఎల్లీ లేదు! ఆ కొంపను ఇల్లు చేసిన మనిషిని వదిలేసి కుక్కను పెట్టడానికి వీళ్ళకు చేతులెలా వచ్చాయో.

ఒక్క విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. ఈ కంపెనీని 1932లో మొదలుపెట్టినవాడు బిల్లుండ్ అనే చిన్న ఊళ్ళో వడ్రంగి. మొదట చేసినవి చెక్కబొమ్మలే. ఇప్పుడు మనం చూసే ప్లాస్టిక్ ఇటుక, పైన బొడిపెలు, లోపల గొట్టాలతో 1958లో తయారైంది. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకలో ఇట్టే అమరుతుంది. తాత ముక్క మనవరాలి ఇంట్లో ఒదుగుతుందన్నమాట.

మా అమ్మాయి కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం మా పెద్దమ్మ అరుగు మీద కూర్చుని రెండు రోజులు చూసింది. మూడోనాడు, “గిట్ల నంబర్లేసి ఇప్పుకొచ్చుకుంటే మనిల్లు గూడ మల్ల అయ్యేదా బిడ్డా?” అంది.

పెద్దమ్మ వాళ్ళది మధ్యమానేరు కింద మునిగిన ఊరు. మానేరు నది మీద మాన్వాడ దగ్గర కట్టిన ఆ జలాశయంలో పాతిక టీఎంసీలకు పైగా నీళ్ళు పడతాయి. ఇప్పుడు దానికి మా రాజరాజేశ్వర స్వామి పేరే పెట్టుకున్నారు. 2019 నాటికి నీళ్ళు నిలిచాయి. అనుపురం, రుద్రవరం, సంకెపల్లి, కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి... ఊళ్ళు లేచి గట్టుమీది కొత్త కాలనీలకు వచ్చాయి. ఆ నీళ్ళతో పండే పొలాలున్నాయి, కాదనను. ఆ పంటలో మా బంధువుల వాటా కూడా ఉంది.

పెద్దమ్మ అడిగింది వెర్రి ప్రశ్నేం కాదు. నంబర్లు వేసి విప్పిన ఇళ్ళు మన దగ్గరే ఉన్నాయి. శ్రీశైలం జలాశయం నిండకముందు, కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, అలంపురం తీసుకొచ్చి మళ్ళీ కట్టారు. చాళుక్యుల కాలపు గుడి అది. పాపనాశి గుళ్ళనూ అలాగే తరలించారు. అంతకు ముందు నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వి, బయటపడ్డ కట్టడాలు కొన్నింటిని కొండమీదికి ఎక్కించారు. ఈజిప్టులో అబూ సింబెల్ గుడులనైతే 1960లలో వెయ్యికి పైగా ముక్కలుగా కోసి పైకెత్తి పేర్చారు. అప్పుడు ఇళ్ళు వదిలిన నుబియన్లు లక్ష మంది దాకా ఉంటారు. వాళ్ళ ఇళ్ళకెవరూ అంకెలు వెయ్యలేదు.

మా వేములవాడా అంతేగా! వెయ్యేళ్ళ కిందట చాళుక్యులు ఏలిన ఊరిది. కన్నడ ఆదికవి పంపడు రెండో అరికేసరి కొలువులో ఉన్నాడు. ఇవాళ ఎవరైనా వస్తే భీమేశ్వరాలయం చూపిస్తాను. పంపడు ఏ ఇంట్లో భోంచేశాడో చూపించమంటే నావల్ల కాదు.

రాతిగుడికి అంకె వెయ్యొచ్చు. మట్టిగోడకు ఎక్కడ వేస్తాం? పెద్దమ్మ వాళ్ళది గూనపెంకల భవంతి, నడిమిట్ల వాకిలి. గోడలు ఏటేటా ఆవిడే అలికింది. విప్పుకుని తెచ్చుకోగలిగినవి దూలాలు, కొన్ని వాసాలు, టేకు దర్వాజ. పెంకలు దించేటప్పుడే సగం పగిలాయట. దూలాలు కాలనీలో పందిరికి పనికొచ్చాయి. దర్వాజ దగ్గరే వచ్చింది చిక్కు. పాత ఇంటి దర్వాజ పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. తల వంచి లోపలికి పోవాలి. కొత్త స్లాబు ఇంటికి మేస్త్రీ వదిలిన సందు పొడుగు, సన్నం. గోడ కొట్టి పెట్టమంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. దర్వాజ చెక్కుదామంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. “నా పెండ్లికి పసుపు రాసిన కడప. దాన్ని కోస్తరా?” అంది.

ఇప్పుడది పెరట్లో, గోడకు చేరగిలేసి ఉంది. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాస్తుంది. ఎటూ తెరుచుకోని గడపకు పసుపేమిటని కోడలు మొదట్లో విసుక్కుంది. ఇప్పుడు గిన్నెలో పసుపు కలిపి తనే అందిస్తోంది.

ఎండాకాలం నీళ్ళు తీస్తే పునాదులు, గచ్చులు బయటపడతాయి. జనం వెళ్ళి ఎవరి గచ్చు వాళ్ళు వెతుక్కుంటారు. వరదవెల్లిలో దత్తాత్రేయుడి గుట్ట ఎత్తు మీద ఉండటం వల్ల మునగలేదు, చుట్టూ నీళ్ళొచ్చి లంకయింది. జలాశయం నిండుగా ఉంటే దర్శనానికి పడవ మీద పోవాలి. మేం వెళ్ళినప్పుడు పడవలో ఆ ఊరి ఆడవాళ్ళు నలుగురున్నారు. దేవుడి మాటే ఎత్తలేదు వాళ్ళు. కిందికి చూస్తూ, ఇది ఫలానా వాళ్ళ వాకిలి, ఇది చింతచెట్టు, ఇగో ఇక్కడ బాయి అని గట్టు చేరేదాకా చెప్పుకుంటూనే ఉన్నారు.